ముక్కున బెజ్జం ఉన్నంత మాత్రాన వేట గుండు కాదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రైఫిల్ గుండ్ల గురించే. జవాబుల్లోకి వెళ్లే ముందు మాటల్లో తికమక లేకుండా చూసుకుందాం. తూటా అంటే మొత్తం సరంజామా: ఇత్తడి కేసు, అడుగున నిప్పు రాజేసే క్యాపు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. గుండు అంటే వాటిలో గాల్లోకి ఎగిరే ముక్క ఒక్కటే. దాని బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాము. కాబట్టి 168 గ్రెయిన్ల గుండు సుమారు 10.9 గ్రాములు, అంటే పాత లెక్క తులానికి కాస్త తక్కువ.

ప్రశ్న: మావాడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడండి. అక్కడ స్నేహితులతో అడవి పందుల వేటకు వెళ్తానంటున్నాడు. .308 (అంగుళాల్లో గుండు వ్యాసం) రైఫిల్, 168 గ్రెయిన్ల మ్యాచ్ (టార్గెట్ పోటీల) తూటాలు ఉన్నాయట. కాగితం మీద అన్నీ ఒకే బెజ్జంలో పడుతున్నాయి, పైగా గుండు ముక్కున బెజ్జం ఉంది కాబట్టి అది హాలో పాయింటే (ముక్కు బోలుగా ఉండి తగలగానే విచ్చుకునే రకం), వేటకూ పనికొస్తుంది అంటాడు. నిజమేనా? (భీమవరం)

జవాబు: కాదండి. ఆ బెజ్జం చూసి మోసపోయేవాళ్లు చాలామంది. అది వేట కోసం పెట్టింది కాదు, గుండును తయారు చేసే పద్ధతిలో మిగిలిపోయింది. మ్యాచ్ గుండుకు రాగి మిశ్రమం తొడుగును గిన్నెలా సాగదీసి, ముక్కు వైపు నుంచి సీసం దించి, చివర్ని సన్నగా నొక్కి మూస్తారు. పూర్తిగా మూసుకోదు కాబట్టి గుండుసూది మొన అంత రంధ్రం ఉండిపోతుంది. ఇదంతా అడుగుభాగం ఎక్కడా అతుకు లేకుండా, నున్నగా, సమంగా రావడం కోసం. గుండు బ్యారెల్ మూతి దాటే క్షణంలో వెనక నుంచి తోసే వాయువు అడుగు చుట్టూ ఒకేసారి బయటపడాలి. అడుగు అంచు ఒక పక్క కాస్త వంకరగా ఉన్నా గుండు ఓ పక్కకు తల తిప్పుతుంది. సైన్యం వాడే పూర్తి తొడుగు గుండుకు దీనికి తలకిందులు: ముక్కు మూసి ఉంటుంది, సీసం అడుగు నుంచి పోస్తారు. గురిలో అది వెనకబడడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మ్యాచ్ గుండు జంతువుకు తగిలిందనుకోండి. ఒక్కోసారి ఆ సన్న రంధ్రం నలిగి మూసుకుపోతుంది. గుండు పెన్సిలు దూరినట్టు ఇటు నుంచి అటు పోతుంది, జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో పొదలో గంటల తరబడి కొట్టుకుంటుంది. ఇంకోసారి పలుచటి తొడుగు చర్మం కిందే ముక్కలైపోతుంది, లోపలికి దిగదు. ఏ దెబ్బకు ఏం జరుగుతుందో చెప్పలేకపోవడమే అసలు తంటా. ఇలాంటి గుండ్లు తయారుచేసే సియెర్రా కంపెనీ వాళ్లే తమ మ్యాచ్‌కింగ్ గుండ్లు వేటకు వద్దంటారు.

వేట గుండు వేరే లెక్కతో పుడుతుంది. ముక్కు దగ్గర తొడుగు పలుచగా, వెనక్కి వెళ్లేకొద్దీ మందంగా ఉంటుంది. ముక్కున సీసం బయటికి కనిపిస్తుంది, లేదా ప్లాస్టిక్ మొన ఉంటుంది. తగలగానే ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుని, వ్యాసం ఒకటిన్నర నుంచి రెండింతలై, బరువులో ఎక్కువ భాగం నిలుపుకుని లోపలికి దిగాలి. ఇలా విచ్చుకునే గుండుకు లోకమంతా తెలిసిన పేరు మన కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం నుంచే వచ్చింది. 1890ల్లో .303 రైఫిల్‌కి అక్కడ అలాంటివి చేశారు. 1899 హేగ్ ఒప్పందం యుద్ధంలో వాటిని కూడదంది. వేటకు మాత్రం అవే ఉండాలి, జంతువు బాధపడకుండా వెంటనే పడిపోవాలి కాబట్టి.

మామూలు సాఫ్ట్ పాయింట్‌లో (ముక్కున సీసం కనిపించే రకం) సీసం, తొడుగు విడివిడిగా ఉంటాయి. దగ్గర్నుంచి గట్టి ఎముకకు తగిలితే తొడుగు ఒక చోట, సీసం ఒక చోట పడతాయి. బాండెడ్ రకంలో రెండూ అతికించి ఉంటాయి. పార్టిషన్ రకంలో మధ్యలో రాగి అడ్డుగోడ ఉంటుంది. ముందు సగం విచ్చుకుని అరిగిపోయినా వెనక సగం చెక్కు చెదరకుండా దిగుతుంది. మొత్తం రాగితోనే చేసినవి బరువు దాదాపు పోగొట్టుకోవు గానీ విచ్చుకోవడానికి వేగం కావాలి: సెకనుకు సుమారు 600 మీటర్లకు తగ్గితే నమ్మలేం. సీసం గుండ్లు 550 దాకా పనిచేస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చూడనిది ఇదే. డబ్బా మీద రాసిన వేగం బ్యారెల్ మూతి దగ్గరిది, జంతువు దగ్గరిది కాదు. ఎంత దూరంలో గుండు వేగం ఆ గీత కిందికి పడుతుందో చూసుకుని, అంతకు మించి కొట్టకూడదు.

అడవి మగపందికి భుజాల మీద చర్మం కింద దళసరి కవచంలా గట్టి పొర ఉంటుంది. కాబట్టి 150 మీటర్ల లోపు .308లో 150 నుంచి 165 గ్రెయిన్ల బాండెడ్ గానీ రాగిది గానీ తీసుకోమనండి. మార్చిన తరువాత మళ్లీ జీరో చేసుకోవాలి, అంటే గుండు పడే చోటుకు స్కోపు సరిచేసుకోవాలి. అదే రైఫిల్, అదే స్కోపు అయినా వేరే గుండు 100 మీటర్ల దగ్గరే కొన్ని సెంటీమీటర్లు అటూ ఇటూ పడుతుంది. కాగితం మీద ఒకే బెజ్జం రాలేదని దిగులు పడనక్కర్లేదు. పంది గుండెకాయ చోటు అరచేయంత ఉంటుంది, వేట గుండు 100 మీటర్లలో నాలుగైదు సెంటీమీటర్ల గ్రూపు (వరస షాట్లు పడిన మేర) ఇస్తే చాలు.

మీరు అడగలేదు గానీ చెప్పాల్సిన విషయం ఇంకోటుంది. మీవాడు హెచ్-1బి లాంటి వలసేతర వీసా మీద ఉంటే, అమెరికా కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. “స్నేహితుడిదే కదా, ఒక్కసారి పట్టుకుంటే ఏం” అనుకుంటే వీసాకే ఎసరు. గుండు సంగతి తరువాత, ముందు ఆ కాగితం సంగతి చూసుకోమనండి.

ప్రశ్న: 300 మీటర్ల పోటీలకు సాధన మొదలుపెట్టాను. ఒక డబ్బా మీద బి.సి. .505 అని, ఇంకో కంపెనీ కాగితంలో .243 అని ఉంది. రెండోది అంత నాసిరకమా? (తణుకు)

జవాబు: ఆ రెండు అంకెలూ ఒకే గుండువి అయినా ఆశ్చర్యం లేదు. 175 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్‌కి జి1 కొలతలో .505, జి7 కొలతలో సుమారు .243. బి.సి. (బాలిస్టిక్ కోఎఫిషెంట్) అంటే మీ గుండు ఒక ప్రామాణిక గుండుతో పోలిస్తే గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె. జి1లో ఆ ప్రామాణికం పందొమ్మిదో శతాబ్దపు పొట్టి, చదును అడుగు గుండు. జి7లో నేటి పొడవాటి, తోక సన్నబడిన గుండు. జి1 అంకెను జి7తో పోల్చడమంటే కుంచాన్ని కిలోతో పోల్చడమే. ఏ కొలతో రాయని బి.సి. కనిపిస్తే అది జి1 అనుకోండి, పెద్దగా కనిపించే అంకెనే డబ్బా మీద అచ్చువేస్తారు కాబట్టి.

ఇక బి.సి. ఎంత లాభమో లెక్కలో చూడండి. సెకనుకు 3 మీటర్ల పక్కగాలిలో, 300 మీటర్ల దగ్గర, 168 గ్రెయిన్ల మ్యాచ్ గుండు సుమారు 15 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 150 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ సుమారు 19. మొదట్లో సాఫ్ట్ పాయింటే వేగం ఎక్కువ, అయినా ఓడిపోతుంది. గాలి గుండును పక్కకు నెట్టేది అది గాల్లో ఉన్నంతసేపూ కాదు. గాలి నిరోధమే లేకపోతే పట్టే సమయం కన్నా ఎంత ఆలస్యమైందో, ఆ ఆలస్యానికి తగ్గట్టు. వేగం త్వరగా పోగొట్టుకునే గుండు ఎక్కువ ఆలస్యమవుతుంది, అంతే. 300 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10 సెంటీమీటర్లు. ఆ నాలుగు సెంటీమీటర్ల తేడా పదికీ తొమ్మిదికీ మధ్య తేడా.

అలాగని 300 మీటర్లకు అన్నిటికన్నా పెద్ద బి.సి. వెతుక్కోనక్కర్లేదు. 168 గ్రెయిన్లది ఆ దూరం పోటీల కోసమే పుట్టింది. దాని లోటు దూరం పెరిగితే బయటపడుతుంది. తోక 13 డిగ్రీల వాలుతో ఉంటుంది. 800 మీటర్లు దాటి వేగం ధ్వనివేగానికి దిగేటప్పుడు ఊగిసలాడి దారి తప్పుతుంది. 175కి ఆ వాలు 9 డిగ్రీలే, దిగుడు కుదురుగా ఉంటుంది. అమెరికా సైన్యం దూరపు గురికాళ్లకు దాన్ని ఎంచుకున్నది అందుకే.

రైఫ్లింగ్ మెలిక (గుండును తిప్పడానికి బ్యారెల్ లోపల ఉండే మెలి గాళ్ల బిగువు) కూడా చూసుకోండి. 1879లో గ్రీన్‌హిల్ ఇచ్చిన పాత సూత్రం ఇప్పటికీ చేతిలెక్కకు పనికొస్తుంది: వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, 150తో గుణించి, గుండు పొడవుతో భాగించండి, అన్నీ అంగుళాల్లో. .308 వ్యాసం, 1.21 అంగుళాల పొడవుకు 11.8 వస్తుంది. అంటే గుండు ఒక చుట్టు తిరగడానికి దాదాపు 12 అంగుళాలు. సూత్రంలో ఉన్నది పొడవు, బరువు కాదు. రాగి గుండు అదే బరువుకు పొడవుగా ఉంటుంది కాబట్టి ఇంకా బిగువైన మెలిక అడుగుతుంది. మెలిక చాలకపోతే కాగితం మీద గుండ్రటి బెజ్జం బదులు తాళంచెవి కన్నంలా పొడవాటి చీలిక కనిపిస్తుంది. అలా ఒక్కటి కనిపించినా ఆ గుండును ఆ రైఫిల్లో వాడడం ఆపేయండి.

తూటాలు ఎంచుకునేటప్పుడు మూడేసి షాట్ల గ్రూపులు చూసి తీర్మానించుకోకండి. మూడు షాట్లు దగ్గరగా పడడం అదృష్టమూ కావచ్చు. ఒక్కో లాటుతో (ఒకే విడతలో తయారైన తూటాలతో) పదేసి షాట్లు కనీసం రెండు గ్రూపులు, ఒకే రోజు, ఒకే గాలిలో కొట్టి పోల్చండి.

ప్రశ్న: .22లో హై వెలాసిటీ తూటాలు గాలికి తక్కువ కొట్టుకుపోతాయి కదా, 50 మీటర్ల ప్రోన్‌కి (బోర్లా పడుకుని కొట్టే పోటీకి) అందరూ స్టాండర్డ్ ఎందుకు వాడతారు? (అమలాపురం)

జవాబు: పైన చెప్పిన ఆలస్యం లెక్క ఇక్కడ ఇంకా వింతగా కనిపిస్తుంది. 40 గ్రెయిన్ల గుండు స్టాండర్డ్‌లో సెకనుకు సుమారు 325 మీటర్లతో, హై వెలాసిటీలో 380తో బయల్దేరుతుంది. 3 మీటర్ల పక్కగాలిలో 50 మీటర్ల దగ్గర మొదటిది 2 సెంటీమీటర్లు, రెండోది దాదాపు 3 సెంటీమీటర్లు జరుగుతుంది. ధ్వనివేగం చుట్టుపక్కల గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. హై వెలాసిటీ గుండు సరిగ్గా ఆ గండంలోనే ప్రయాణిస్తుంది. వేగం కొనుక్కుని ఆలస్యం తెచ్చుకోవడమన్నమాట. 50 మీటర్ల పది రింగు 10.4 మిల్లీమీటర్లే, మరి.

కోనసీమలో మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి ఎక్కుతుంది, సాధన పొద్దున్నే పెట్టుకోండి. గాలి చూడడానికి కొబ్బరి మట్టల వంక చూసేవాళ్లున్నారు. ఆ మట్టలు ఊగేది 50 అడుగుల ఎత్తు గాలికి. మీ గుండు పోయేది మనిషి నడుం ఎత్తులో. రేంజిలో గుడ్డపీలికలు కట్టుకోండి, మొదటిది మీకు దగ్గరగా. మొదట్లో పక్కకు మళ్లిన గుండు ఆ కోణంలోనే చివరిదాకా పోతుంది కాబట్టి దగ్గరి గాలిదే ఎక్కువ ప్రభావం.

ఒక బ్రాండు నుంచి ఇంకోదానికి మారితే మొదటి పది, పదిహేను షాట్లు లెక్కలోకి తీసుకోకండి. గుండు మీది మైనం వేరు, బ్యారెల్‌కు కొత్త మైనం అలవాటు కావాలి.

ప్రశ్న: ఇక్కడి ఉక్కపోత గాలి బరువు కదా, గుండు తొందరగా దిగిపోతుందా? (నరసాపురం)

జవాబు: తేమ గాలి పొడిగాలి కన్నా తేలిక. నీటి ఆవిరి అణువు నత్రజని, ఆక్సిజన్ అణువుల కన్నా తేలిక కాబట్టి. 35 డిగ్రీల ఎండలో బాగా ఉక్కగా ఉన్నా ఆ తేడా ఒకటిన్నర శాతమే. వేడి వల్ల తేడా అంతకన్నా ఎక్కువ: 15 డిగ్రీల గాలితో పోలిస్తే 35 డిగ్రీల గాలి ఆరు శాతానికి పైగా పలచన. కాబట్టి చలిదేశపు పట్టిక చూస్తే మీ గుండు కాస్త పైకే పడుతుంది. బరువుగా అనిపించేది చెమట పట్టిన మనకే.

ప్రశ్న: రొయ్యల చెరువు మీద నీటికాకులు, కొంగలు వాలి నష్టం చేస్తున్నాయి. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్ కొన్నాను. చదును తల పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ సీసపు గుండు) మంచిదా, గుండ్రటి తలదా? (ఆకివీడు)

జవాబు: ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు (4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల లోపు అయితే) అంటే పక్షిని కొట్టడానికి అనుమతి ఉన్నట్టు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నీటికాకి, కొంగ రెండూ రక్షిత పక్షులే. కొడితే కేసు మీ మీద. ఆ పనికి పెల్లెట్ సలహా ఇవ్వలేం. చెరువు మీద అడ్డంగా సన్న తీగలు గానీ పక్షుల వల గానీ కట్టించండి. మెరిసే రిబ్బన్లు కడితే రెండు మూడు రోజులకోసారి చోటు మార్చాలి, లేకపోతే పక్షులు అలవాటు పడిపోతాయి. మేత వేసే పొద్దున, సాయంత్రం మనిషి గట్టు మీద తిరుగుతూ చప్పుడు చేస్తే అన్నిటికన్నా మేలు.

టార్గెట్ కొట్టుకోవడానికైతే చెబుతాం. చదును తలది 10 మీటర్ల కాగితానికి పుట్టింది. పంచింగ్ మెషిన్‌తో కొట్టినట్టు శుభ్రంగా గుండ్రటి బెజ్జం చేస్తుంది, పాయింట్లు లెక్కపెట్టడం తేలిక. 25 మీటర్లు దాటితే అది కుదురు తప్పుతుంది, అక్కడ గుండ్రటి తలదే మంచిది. 4.49, 4.50 అని డబ్బాల మీద ఉండేది మిల్లీమీటర్లలో తల కొలత. మీ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో రెండూ కొట్టి చూడాల్సిందే.

ప్రశ్న: తాతగారి .315 రైఫిల్ లైసెన్సు నా పేరుకు మారింది. పాత తూటాలు తోలు బెల్టులో ఉన్నాయి, ఇత్తడి మీద పచ్చటి పొర పట్టింది. తుడిచి వాడొచ్చా? (ముమ్మిడివరం)

జవాబు: వాడకండి. తోలును పదును చేసే రసాయనాలు ఇత్తడిని తింటాయి, మీ సముద్రపు గాలి తోడైతే ఇంకా త్వరగా. పచ్చపొర కింద ఇత్తడి గుంటలు పడి ఉంటుంది. పేలేటప్పుడు కేసు చీలి, వాయువు వెనక్కి, మీ ముఖం మీదికి రావచ్చు. మెరిసేలా తోమితే ఆ గుంటలు కనిపించవు, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. లైసెన్సున్న డీలరుకు గానీ పోలీస్ స్టేషనుకు గానీ రసీదు తీసుకుని అప్పగించండి. కాలవలో పారేయడం, పొయ్యిలో వేయడం చేయకండి.

కొత్తవి తెచ్చాక అట్టడబ్బాతో సహా రబ్బరు అంచున్న గాలి చొరబడని పెట్టెలో, సిలికా జెల్ సంచులతో ఉంచండి. సంచిలోని గింజలు రంగు మారితే మార్చండి. తుప్పు రాకుండా తూటాల మీద నూనె చిమ్మేవాళ్లున్నారు. పలుచటి నూనె క్యాపు సందులోంచి దిగి మందును చంపేస్తుంది. ట్రిగ్గర్ నొక్కాక టక్ అని మాత్రమే వినిపిస్తే, గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి, తరువాతే బోల్టు తెరవండి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి. పేలిన చప్పుడు మరీ నీరసంగా ఉంటే ఇంకోటి వేయకండి, గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక రెండోది పేలితే బ్యారెల్ చీలుతుంది.

ప్రశ్న: గుండు బ్యారెల్ దాటగానే కాస్త పైకి లేస్తుందని మా ఎన్.సి.సి. సీనియర్లు అంటారు. నిజమా సార్? (రాజమహేంద్రవరం)

జవాబు: లేవదు నాయనా. మూతి దాటిన క్షణం నుంచీ కిందికే పడుతుంది. .22 గుండు 50 మీటర్లు వెళ్లడానికి సెకనులో ఆరో వంతు పడుతుంది, అంతలో గొట్టం గీత నుంచి 12 సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. సైట్లు గొట్టానికి పైన ఉంటాయి, గొట్టం మూతి ఓ పిసరు పైకి ఎత్తి ఉంటుంది. అందుకని గుండు చూపు గీతను కింద నుంచి దాటి, మళ్లీ దాని కిందికి వస్తుంది. సీనియర్లు చూసింది దాన్నే.

ప్రశ్న: వేసవిలో గోదావరి లంకల ఇసుక తిన్నెల మీద మనిషన్నవాడు కనపడడు. నాకు .22 లైసెన్సుంది. అక్కడ సాధన చేసుకోవచ్చా? (రావులపాలెం)

జవాబు: కూడదు. లైసెన్సు మీ దగ్గర తుపాకీ ఉంచుకోవడానికి, ఎక్కడ పడితే అక్కడ కాల్చడానికి కాదు. అనుమతి ఉన్న రేంజిలోనే కొట్టాలి. చట్టం పక్కన పెట్టినా డెల్టా నేల తీరే దీనికి పనికిరాదు. కొండ లేదు, గుట్ట లేదు, గుండును ఆపే వెనకగోడ ఏదీ లేదు. ఆ చిన్న .22 గుండు రెండు కిలోమీటర్ల దాకా పోతుంది. .30-06 లాంటిదైతే నాలుగు కిలోమీటర్లు దాటవచ్చు. నీటి మీదా, తడి ఇసుక మీదా తక్కువ వాలులో తగిలిన గుండు పిల్లలు విసిరే కప్పగంతు పెంకులా ఎగిరి, ఏ దిక్కుకు పోతుందో తెలియకుండా పోతుంది. అవతలి రేవులో ఎవరో ఒకరు ఉంటారు.

రేంజికి వెళ్లలేని రోజుల్లో ఇంట్లో ఖాళీ ట్రిగ్గర్ సాధన చేయండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, ఛాంబరు రెండుసార్లు చూసుకుని, గోడ మీద చుక్క పెట్టి రోజుకు పదిహేను నిమిషాలు చాలు. .22లో మాత్రం ఛాంబరు ఖాళీగా ఉంచి నొక్కకండి. రిమ్‌ఫైర్ (తూటా అడుగు అంచున కొడితే పేలే రకం) కాబట్టి ఫైరింగ్ పిన్ను నేరుగా ఛాంబరు అంచుకే కొట్టుకుని అక్కడ గంటు పడుతుంది, తరువాత తూటాలు సరిగా ఎక్కవు. ప్లాస్టిక్ స్నాప్ క్యాపులు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) వాడండి. అవి త్వరగా నలిగిపోతాయి కాబట్టి ఒక్కోదాన్ని కొన్నిసార్లు కొట్టాక కాస్త తిప్పి పెట్టుకుంటూ ఉండాలి.